బలమైన మందు ఏది?

సికింద్రాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి క్యాన్సర్ ఓపీ ముందైనా ఓ గంట కూర్చోండి. మొదట కళ్లబడేవి చీరల షాపు సంచులు. ఏ పెళ్లికో జనరల్ బజార్‌లో చీరలు తీసినప్పుడు ఇచ్చిన గట్టి సంచి, పారేయబుద్ధి కాక బీరువాలో దాచింది, ఇప్పుడు ఇలా అక్కరకొస్తుంది. అందులో స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, ఆరోగ్యశ్రీ కార్డు, ఓ నీళ్ల సీసా. సంచి పట్టుకున్నది భర్తో అన్నో. పక్కన కూర్చున్నామెకు ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో ఉంటాయి. రొమ్ములో పుట్టిన గడ్డ అప్పటికే ఎముకలకో లివర్‌కో పాకి ఉంటుంది. లోపలికి పిలుపు రాగానే సంచి పట్టుకున్నాయన కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే అనే మాట దాదాపు ఒకటే: "ఖర్చు సంగతి మేం చూసుకుంటాం సార్, బలమైన మందు పెట్టండి."

బలమైన మందంటే ఆయన లెక్కలో కీమో. చేతికి సూది, పైన సెలైన్, వాంతులు, ఊడే జుట్టు. మనిషిని అంత ఏడిపించే మందు జబ్బును ఇంకెంత ఏడిపిస్తుందోనని ఒక నమ్మకం. ఇంకాస్త చదువుకున్నవాళ్లయితే "కీమో, హార్మోన్ రెండూ కలిపి ఇచ్చేయకూడదా?" అంటారు. ఇటు డాక్టరేమో రోజుకో మాత్ర, నెలకో సూది రాస్తారు. కాగితం చూడగానే మొహాలు వాడిపోతాయి. మాత్రలిచ్చి ఇంటికి పంపుతున్నారంటే ఇక చేయడానికేమీ లేదన్నమాటేనా?

వాళ్లను తప్పుపట్టలేం. డాక్టర్లే ఎన్నో దశాబ్దాలపాటు సరిగ్గా ఇలాగే ఆలోచించారు. వయసులో ఉన్న మనిషి, ముదిరిన జబ్బు, కాబట్టి కీమోతో గట్టిగా కొట్టాలి, వీలైతే హార్మోన్ మందు కూడా జతచేయాలి అనే ధోరణి ఈ మధ్య దాకా నడిచింది. అది ఎక్కడ బెడిసికొట్టిందో చెప్పాలంటే ఆవుల దగ్గర మొదలుపెట్టాలి. ఆ ముందు మన ఊరి లెక్క ఒకటి చూద్దాం.

2022లో దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవారు 1.92 లక్షల మంది. ఆ ఏడాది ఈ జబ్బుతో పోయినవారు 98 వేల పైచిలుకు. 2012 నుంచి 2016 దాకా దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలు తీసిన లెక్కల్లో రొమ్ము క్యాన్సర్‌కు మొదటి స్థానం హైదరాబాద్ జిల్లాదే, వయసుల తేడాలు సర్దుబాటు చేశాక లక్ష మంది ఆడవాళ్లకు 48. మినిస్టర్ రోడ్డులోని కిమ్స్‌లో 2007లో రొమ్ము వ్యాధులకే విడిగా ఒక కేంద్రం వెలిసిందంటే ఆశ్చర్యం లేదు. తల్లి ఉషాలక్ష్మి గారికి ఈ జబ్బు వచ్చిందని బ్రిటన్ వదిలి వచ్చిన సర్జన్ పి. రఘురామ్ దానికి ఆమె పేరే పెట్టారు. ఇంకో సంగతి, పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు సుమారు పదేళ్లు ముందే వస్తోంది. అంటే మన రోగుల్లో చాలామందికి ఇంకా నెలసరి వస్తూనే ఉంటుంది, అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. వైద్యం మొత్తాన్ని మలుపు తిప్పేది ఈ చిన్న విషయమే.

గడ్డ నుంచి తీసిన చిన్న ముక్కను వెంట్రుకకంటే పలచగా కోసి గాజుపలక మీద అతికిస్తారు. రంగు వేస్తే కణాల కేంద్రకాలు నీలంగా కనబడతాయి. అంతకుముందే, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్‌ను మాత్రమే వెతికి పట్టుకునే ఇంకో రసాయనం పోసి ఉంటారు. రిసెప్టర్ ఉన్న కేంద్రకం గోధుమరంగుకు తిరుగుతుంది, అచ్చం తెల్ల గుడ్డ మీద పడిన డికాషన్ మరకలాగా. ఎన్ని కణాలకు ఆ మరక పట్టింది, ఎంత చిక్కగా పట్టింది అని చూసి మార్కులు వేస్తారు. గరిష్ఠం ఎనిమిది. రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పక్కన 8/8 అని ఉంటే ఆ క్యాన్సర్ కణం ఈస్ట్రోజెన్ తిని బతుకుతోందని అర్థం. హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ అనే మిగతా రకాలది వేరే దారి, వాటికి వేరే మందులు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ గురించి.

ఇప్పుడు ఆవులు. స్కాట్లండ్‌లో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ కుర్రతనంలో పాలు పడే తీరు మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. కొన్ని దేశాల్లో రైతులు ఈనిన ఆవుకు అండాశయాలు తీసేయించి పాలు ఎండిపోకుండా చూసుకుంటారని అప్పుడు తెలిసింది. అండాశయానికీ పొదుగుకూ సంబంధం ఉందన్నమాట. ఎక్కడో పొట్టలో ఉన్న అవయవం ఇంకెక్కడో ఉన్న అవయవాన్ని ఆడిస్తోంది. హార్మోన్ అనే మాట కూడా ఇంకా పుట్టని రోజులవి. 1895లో, రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినా తిరగబెట్టి ఛాతీ మీద గడ్డలు లేచిన 33 ఏళ్ల ఆవిడ ఆయన దగ్గరికొచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. బీట్సన్ ఆమె అండాశయాలు తీసేశాడు. ఎనిమిది నెలలకు గడ్డలు కనబడకుండా పోయాయి. 1896లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. మరుసటి ఏడాది ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా గుట్టు పట్టుకున్నాడు. అంటే దోమే మలేరియా మోస్తుందని రుజువయ్యే నాటికే రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ వైద్యం ఉంది. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన తేలిక వైద్యం కాదు. కీమో కంటే యాభై ఏళ్లు పెద్దది.

చిక్కల్లా ఒకటే. ఈ ఆపరేషన్ ముగ్గురిలో ఒకరికే పనిచేసేది. ఎవరికి పనిచేస్తుందో ముందు చెప్పే దారి లేదు. ఆ ముడి విప్పింది షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్. 1950ల చివర్లో ఆయన ఈస్ట్రోజెన్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి ఆడ ఎలుకలకు ఎక్కించాడు. గర్భసంచి దాన్ని పట్టుకుని వదల్లేదు. కండరమేమో పట్టించుకోలేదు. పట్టుకునే చోట రిసెప్టర్ ఉందన్నమాట. రిసెప్టర్ ఉన్న గడ్డకే హార్మోన్ వైద్యం పనిచేస్తుంది. మన రిపోర్టులోని డికాషన్ మరకకు మూలపురుషుడు ఆయనే.

ఇక కీమో కథ. బీట్సన్ ఆ ఆపరేషన్ చేసిన 1895లోనే, జనవరిలో, భీమవరంలో ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న ఆయన అమెరికా వెళ్లి లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశాడు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే ఉండి దాని పని చేయని నకిలీని కణానికి తినిపిస్తే? సుబ్బారావు బృందం అలాంటి నకిలీలు తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్ మీద ప్రయోగించాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. 1976లో మిలాన్‌లో జాన్ని బొనడొన్నా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మూడు మందుల కీమో ఇచ్చి చరిత్ర సృష్టించాడు. ఆ మూడింట్లో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు రొమ్ము క్యాన్సర్ మీద తన మందు గెలుపు చూడలేదు.

కీమో మందుల్లో చాలావాటికి ఒక స్వభావం ఉంది. అవి విభజన చెందుతున్న కణాన్నే ఎక్కువగా చంపుతాయి. డీఎన్‌ఏను నకలు తీసుకుంటున్నప్పుడో, రెండుగా చీలుతున్నప్పుడో దెబ్బకొడతాయి. విశ్రాంతిగా ఉన్న కణం జోలికి పెద్దగా పోవు. జుట్టు కుదుళ్లు, నోటి పొర, ఎముక మజ్జ దెబ్బతినేది అందుకే, అక్కడి కణాలు ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. హార్మోన్ మందు పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసింది. అది కణాన్ని అప్పటికప్పుడు చంపదు. తిండి ఆపేసి, విభజన మొదలయ్యే గుమ్మం దగ్గరే కూర్చోబెడుతుంది.

రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. దొంగ బయటికొస్తే పట్టుకుందామని పోలీసు వీధిలో మాటు వేశాడు. ఇంకొకరు వెళ్లి ఆ ఇంటికి బయటి నుంచి తాళం వేశారు. దొంగ బయటికి రాడు, పోలీసుకు పని ఉండదు. తాళం మంచిదే, పోలీసూ మంచివాడే. ఒకే వేళకు పంపడమే తప్పు. అమెరికాలో ముట్లుడిగిన ఆడవాళ్ల మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2009లో లాన్సెట్‌లో వచ్చాయి. కీమో జరుగుతుండగానే టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఇచ్చినవారికంటే, కీమో అయ్యాక ఇచ్చినవారి ఫలితం మెరుగ్గా కనబడింది. వాళ్లది పాకిన జబ్బు కాదు, ఆపరేషన్ అయినవారు. అయినా ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటి ఇవ్వడమే ఆనవాయితీ అయింది. పాకిన జబ్బులోనూ రెండూ ఒకేసారి ఇస్తే గడ్డలు కాస్త ఎక్కువమందికి తగ్గినట్టు కనబడినా ఆయుష్షు పెరగలేదు. అందుకే యూరప్ నిపుణుల మార్గదర్శకాలు పరిశోధనల్లో తప్ప రెండూ కలపవద్దని రాసుకున్నాయి.

అంతకుముందు 1980ల్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఒక సాహసం చేశారు. ముందు టామోక్సిఫెన్‌తో కణాలన్నిటినీ గుమ్మం దగ్గర ఆపుతారు. తర్వాత కావాలనే ఈస్ట్రోజెన్ ఇచ్చి అన్నిటినీ ఒకేసారి బయటికి తోలుతారు. సరిగ్గా అప్పుడు మెథోట్రెక్సేట్ లాంటి కీమోతో కొడతారు. వినడానికి కలుగులో పొగబెట్టి ఎలుకల్ని పట్టినంత బాగుంది. గడ్డలోని కణాలు మాత్రం సిపాయిల్లా వరుసలో నడవవు కదా. చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. నాకు మాత్రం ఓడిపోయిన ఆలోచనల్లో ఇదంటే ఇష్టం.

మరి కీమో ఇచ్చిన వయసు ఆడవాళ్లలో చాలామందికి మంచి జరిగిందే, అదెలా? ఇక్కడే తమాషా ఉంది. కీమో పడితే నెలసరి ఆగిపోవడం మామూలు, నలభై దగ్గరపడ్డవారిలో మరీ ఎక్కువ. అండాశయంలోని గుడ్లకు కీమో తగిలి ఈస్ట్రోజెన్ తయారీ పడిపోతుంది. ఈఆర్ పాజిటివ్ ఉన్న ముప్ఫై తొమ్మిదేళ్ల ఆవిడకు కీమో చేసిన మేలులో కొంత వాటా నిజానికి ఇదే, పొట్ట కోయకుండా జరిగిన బీట్సన్ ఆపరేషన్. హార్మోన్ వైద్యం కీమో చాటున ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. దానికి పేరు మాత్రం రాలేదు.

అయితే నేరుగా హార్మోన్ మాత్ర ఇచ్చేస్తే సరిపోదా? ముట్లుడిగినవారికి సరిపోతుంది. వయసులో ఉన్నవారికి సరిపోదు, ఎందుకో ఆ మాత్రల పుట్టుకే చెబుతుంది. టామోక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీ గర్భనిరోధక మాత్రగా తయారుచేసింది. ఎలుకల్లో గర్భం ఆపిన ఆ మందు ఆడవాళ్లకిస్తే అండం విడుదల చేయించింది! ఇంకో హార్మోన్ మాత్ర లెట్రోజోల్ సంగతీ అంతే. సికింద్రాబాద్‌లో సంతానం కోసం ఫెర్టిలిటీ సెంటర్ల చుట్టూ తిరిగే అమ్మాయిలకు డాక్టర్లు రాసే 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్, క్యాన్సర్ వార్డులో ఇచ్చే లెట్రోజోల్ ఒకటే మాత్ర. సంతానలేమికి దాని వాడకాన్ని కేంద్రం 2011లో నిషేధించి 2017లో మళ్లీ అనుమతించింది. ఈస్ట్రోజెన్ తగ్గగానే మెదడు కంగారుపడి అండాశయాన్ని ఇంకా గట్టిగా తరుముతుంది, అది ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. పిల్లలు కావాలనుకునేవారికి ఇది వరం. క్యాన్సర్ ఉన్నవారికి, ముఖ్యంగా లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే, మంట ఆర్పబోయి కిరసనాయిలు పోసినట్టు.

కాబట్టి వయసులో ఉన్న మనిషికి మొదట అండాశయం నోరు మూయించాలి. ఆపరేషన్ ఒక దారి. సూది రెండోది. మెదడు అడుగున హైపోథాలమస్ గంటా గంటన్నరకోసారి ఒక చిన్న హార్మోన్ బొట్టు వదులుతుంది. ఆ లయను బట్టే కింద పిట్యూటరీ, ఇంకా కింద అండాశయం నడుస్తాయి. ఆ హార్మోన్ గుట్టు విప్పిన రోజర్ గియ్యెమాఁ, ఆండ్రూ షాలీలకు 1977లో నోబెల్ వచ్చింది. గోసెరెలిన్ సూదిలో ఉండేది దాని నకలే. బియ్యపుగింజ కంటే కాస్త పొడవైన కడ్డీని లావుపాటి సూదితో బొడ్డు కింద చర్మం అడుగున పెడతారు. అది ఇరవై ఎనిమిది రోజులపాటు ఆపకుండా కరుగుతూ ఉంటుంది. ప్యారడైజ్ సర్కిల్‌లో ఒకసారి హారన్ కొడితే ముందు బండివాడు తిరిగి చూస్తాడు. వెనకెవడో హారన్ మీద చెయ్యి తీయకుండా నొక్కేస్తే ఇక ఎవరూ చూడరు. పిట్యూటరీ కూడా మొదటి కొన్ని రోజులు ఉలిక్కిపడుతుంది, తర్వాత వినడం మానేస్తుంది. అండాశయం నిద్రపోతుంది.

అండాశయాన్ని ఆపి, పైన మాత్ర కూడా ఇస్తే లాభమని 2000లో యూరప్ వైద్యులు తేల్చారు. పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 161 మంది వయసు ఆడవాళ్లలో సూది ఒక్కటే తీసుకున్నవారు సగటున రెండున్నరేళ్లు, టామోక్సిఫెన్ ఒక్కటే తీసుకున్నవారు 2.9 ఏళ్లు, రెండూ తీసుకున్నవారు 3.7 ఏళ్లు బతికారు. చిన్న పరీక్షే అయినా గట్టి దారి చూపింది.

ఆ దారిలోకి మూడో మందు వచ్చింది. కణం విభజనలోకి అడుగుపెట్టే ఆ గుమ్మానికి కాపలాదారులుగా కొన్ని ఎంజైములున్నాయి. ఈ కాపలా గుట్టు విప్పిన హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు 2001లో నోబెల్ ఇచ్చారు. పాల్బోసైక్లిబ్, రైబోసైక్లిబ్ లాంటి మాత్రలు వాటిలో రెండింటిని పనిచేయనివ్వవు. హార్మోన్ మందు తలుపుకు తాళం వేస్తే, ఇవి గడియ పెడతాయి. కీమోకూ హార్మోన్‌కూ పడకపోవడానికి ఏది కారణమో, వీటికీ హార్మోన్‌కూ పడడానికి కూడా అదే కారణం. రెండూ ఒకే గుమ్మం దగ్గర ఒకే పని చేస్తున్నాయి.

ముట్లుడగని ఆడవాళ్లనే తీసుకుని 672 మంది మీద మొనలీసా-7 అనే పరీక్ష జరిగింది. అందరికీ అండాశయాలు ఆపే సూది, హార్మోన్ మాత్ర ఇచ్చారు. సగం మందికి అదనంగా రైబోసైక్లిబ్ ఇచ్చారు. జబ్బు అదుపులో ఉన్న కాలం 13 నెలల నుంచి దాదాపు 24 నెలలకు పెరిగింది. మూడున్నరేళ్లకు బతికున్నవారు రైబోసైక్లిబ్ వర్గంలో నూటికి 70, రెండో వర్గంలో 46. ఈ లెక్క 2019లో వచ్చింది.

సంచి పట్టుకున్నాయనకు ఇది చాలదు. "మా ఆవిడకు లివర్‌లో ఉంది సార్, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మాత్రలు పనిచేసేలోపు..." న్యాయమైన భయం. అచ్చం ఆ ప్రశ్న పెట్టుకునే రైట్ చాయిస్ అనే పరీక్ష చేశారు. ముదిరిన, వేగంగా పెరుగుతున్న జబ్బుతో ఉన్న 222 మంది వయసు ఆడవాళ్లు, అందులో సగానికి పైగా అవయవాలు ప్రమాదంలో పడినవారే. ఒక వర్గానికి రెండేసి మందుల గట్టి కీమో ఇచ్చారు. రెండో వర్గానికి సూది, హార్మోన్ మాత్ర, రైబోసైక్లిబ్. 2022 డిసెంబర్‌లో శాన్ ఆంటోనియో సదస్సులో మొదటి ఫలితం చెప్పారు. కీమో వర్గంలో జబ్బు 12.3 నెలలు అదుపులో ఉంటే, మాత్రల వర్గంలో 24 నెలలు. మందు పట్టడానికి కీమోకు 3.2 నెలలు, మాత్రలకు 4.9 నెలలు పట్టింది, ఆ తేడా కూడా గణాంకాల్లో నిలబడేది కాదు. కొరియాలో వయసు ఆడవాళ్ల మీద పాల్బోసైక్లిబ్ వైద్యాన్ని కీమో మాత్ర కెపెసిటబిన్‌తో పోల్చినా ఇదే దారి. కెపెసిటబిన్‌కు 14.4 నెలలు, దీనికి 20.1.

నా మట్టుకు బలమైన మందేదన్న తగువు ఇక్కడితో తీరిపోయింది. కీమోను తీసిపారేయమని కాదు. లివర్ పనిచేయడం మానేసి కళ్లు పచ్చబడుతుంటే, ఊపిరాడకుండా పోతుంటే ఇప్పటికీ కీమోనే ముందు పెట్టే డాక్టర్లున్నారు. అలాంటి స్థితిలో అది సరైన నిర్ణయమే కావచ్చు. స్కాన్‌లో లివర్ మీద మచ్చలు కనబడటం వేరు, లివర్ చేతులెత్తేయడం వేరు. మచ్చలు చూసి మాత్రమే కీమోకు పరుగెత్తనక్కర్లేదు. కీమోతో మొదలుపెట్టినా, జబ్బు లొంగాక దాన్ని ఆపి హార్మోన్ వైద్యానికి మారే పద్ధతి ఉంది. హార్మోన్ మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి జబ్బును లొంగదీయలేకపోయిన రోజున కీమో ఎలాగూ అక్కడే ఉంటుంది.

రెండూ కలపడమనే ఆలోచన పూర్తిగా చచ్చిపోలేదు కూడా. చైనా వైద్యులు 254 మందిలో కొందరికి హార్మోన్ మాత్ర ఒక్కటే ఇచ్చి, కొందరికి దానితోపాటు కెపెసిటబిన్‌ను కొద్ది కొద్దిగా, విరామం లేకుండా ఇచ్చారు. 2024లో షికాగో సదస్సులో చెప్పిన లెక్క ప్రకారం అదుపు కాలం సుమారు 12 నెలల నుంచి 21 నెలలకు పెరిగింది. రోజూ చిన్న మోతాదు కాబట్టి మాటు వేసిన పోలీసు నిద్రపోడు, ఎప్పుడు తలుపు తెరుచుకున్నా ఉంటాడు. అయితే వాళ్లు పోల్చింది హార్మోన్ మాత్ర ఒక్కదానితోనే, గడియ పెట్టే మాత్రతో కాదు. ఆ ఖరీదైన మాత్ర కొనలేనివారికి ఇది ఆశ చూపే దారి, అంతవరకే.

ఖరీదు దగ్గర కొంచెం వెలుగు ఉంది. 2023 జనవరిలో మన దేశంలో పాల్బోసైక్లిబ్ పేటెంటు ముగిసింది. మన కంపెనీలు వెంటనే జనరిక్‌లు దించాయి, ధర బాగా దిగొచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. సూది భారమయ్యేవాళ్లకు పొట్ట మీద చిన్న రంధ్రాలతో అండాశయాలు తీసేసే ఆపరేషన్ ఉంది, ఒక్కసారితో పోతుంది. నూటపాతికేళ్ల తర్వాత కూడా మన పేదరోగికి అక్కరకొస్తున్నది బీట్సనే.

సూదితో ఇంకో పేచీ ఉంది, అది తారీకు తప్పకూడదు. కాజీపేట నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి సూది వేయించుకునే మనిషికి పొలం పనో, పిల్లాడి పరీక్షో అడ్డొస్తే వారం జరుగుతుంది. ఆ వారంలో అండాశయం లేచి కూర్చోవచ్చు. సూది సక్రమంగా పడ్డా కొందరిలో అది పూర్తిగా నిద్రపోదు. ఒక అంతర్జాతీయ పరీక్షలో సూది, మాత్ర రెండూ తీసుకుంటున్నవారి ఈస్ట్రోజెన్‌ను జాగ్రత్తగా కొలిస్తే, మొదటి ఏడాదిలో మూడోవంతు మందిలో కనీసం ఒక్కసారైనా ఉండాల్సిన దానికంటే ఎక్కువ తేలింది. ముఖ్యంగా బరువెక్కువున్నవారిలో, అంతకుముందు కీమో పడనివారిలో. కీమో చాటుగా చేసి పెట్టిన పని ఇలా కూడా బయటపడింది. అందుకే మాత్రలు వాడుతూ మధ్యలో నెలసరి కనబడితే దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

ఈ వైద్యంతో కీమోలాగా జుట్టంతా ఊడిపోదు గానీ సుఖంగా గడిచిపోతుందని చెబితే అబద్ధం. ముప్ఫై ఎనిమిదేళ్లకు ఒక్క నెలలో ముట్లుడగడం ఎలా ఉంటుందో మే నెల సికింద్రాబాద్ ఎండలో ఒంట్లోంచి ఆవిర్లు లేచేవాళ్లనే అడగాలి. కీళ్లు పట్టేస్తాయి, నిద్ర పట్టదు, ఎముకలు గుల్లబారతాయి. రైబోసైక్లిబ్ మొదలుపెట్టే ముందు ఈసీజీ తీస్తారు, తెల్లరక్తకణాలు తగ్గుతున్నాయేమోనని రక్తం చూస్తూ ఉంటారు. తిండి దగ్గర మనవాళ్లకు ఒక మాట. రోగి కనబడితే చాలు రక్తం పడుతుందని దానిమ్మ ఒలిచి పెడతాం. ఈ మాత్రలను లివర్ అరిగించుకునే దారికి గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస అడ్డుపడతాయి. దానిమ్మ గురించి కూడా డాక్టరును అడిగే పెట్టండి.

చివరగా మన రెండు రాష్ట్రాలకే ప్రత్యేకమైన చిక్కు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9, తెలంగాణలో 7.7. దేశం మొత్తం మీద 3.2. వీళ్లలో ఒకామెకు రొమ్ము క్యాన్సర్ వస్తే, ఓపీలో "నెలసరి వస్తోందా అమ్మా?" అని అడిగితే, "లేదు సార్, ఎప్పుడో ఆగిపోయింది" అంటుంది. ఆమె చెప్పింది నిజమే. గర్భసంచి లేదు కాబట్టి ముట్టు లేదు. అండాశయాలు మాత్రం ఉండి ఉండవచ్చు, నెలనెలా ఈస్ట్రోజెన్ పోస్తూ ఉండవచ్చు. ఆమెను ముట్లుడిగిన మనిషిగా లెక్కగట్టి సూది లేకుండా ఒట్టి లెట్రోజోల్ ఇస్తే మందు పనిచేయదు, పైగా అండాశయం రెచ్చిపోతుంది. రక్తంలో ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ హార్మోన్లు చూస్తే విషయం తేలుతుంది, అడగాలని తోచాలి అంతే. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ అయి ఉంటే అప్పటి డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది అందులో ఉంటుంది. ఆ చీరల షాపు సంచిలో అన్నిటికంటే పైన పెట్టాల్సిన కాగితం అదే.